క్రిస్మస్ నాడు గుడి సరిపోలేదు, మొదటి శుక్రవారం ఆరాధనకు ఎవరొస్తారు?

పెద్దకాలువ_పోరడు | 2025 డిసెంబర్ 29, రాత్రి 9.40

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు, కొంచెం లేటుగా.

మాది మిర్యాలగూడ దిక్కు ఒక చిన్న విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక సంఘం. 24 రాత్రి పూజకు లోపల చోటు లేక బయట షామియానా వేసి పట్టాలు పరిచాం. అవీ చాలలేదు. సత్ప్రసాదంగా ఇచ్చే పలచటి రొట్టె బిళ్ళలు, అదే అప్పాలు, తక్కువ పడతాయని ఫాదర్ గారు ఒక్కోదాన్ని రెండు మూడు ముక్కలు చేసి పంచారు. 26 పొద్దున పూజకు లెక్కపెడితే తొమ్మిది మందిమి. అందులో ఇద్దరు సిస్టర్లు, ఒక వంటమనిషి, నేను.

జనవరి 2 మొదటి శుక్రవారం. సాయంత్రం ఏడింటికి గంటసేపు దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే సత్ప్రసాదాన్ని పీఠం మీద ఉంచి దాని ముందు కూర్చుని ప్రార్థించడం, పెడదాం, మనుషుల్ని పిలిచే బాధ్యత నీదే అని ఫాదర్ గారు నా నెత్తిన పెట్టారు. డిసెంబర్‌లో అయితే ఆరుగురే వచ్చారు. పైగా మా పాటల బృందంలో సగం మంది హైదరాబాద్‌లో పనిచేసేవాళ్ళు, నిన్న పవిత్ర కుటుంబ పండుగ పూజ కాగానే బస్సెక్కి వెళ్ళిపోయారు. కీబోర్డు వాయించేవాడు కూడా వాళ్ళలోనే. పాటల్లేకుండా గంటసేపు ఎలా గడపాలో అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర ఏం చేస్తున్నారో చెప్పండి.

సున్నా_బ్యాలెన్స్ | డిసెంబర్ 29, రాత్రి 9.52

ఆరాధన తర్వాత బిర్యానీ అని ఒక్క మాట గ్రూపులో పెట్టు అన్నా. షామియానా మళ్ళీ కావాలి.

హార్మోనియం_పెట్టె | డిసెంబర్ 29, రాత్రి 10.15

తమ్మీ, పాటలు లేకపోతే మాత్రం కష్టం. ముప్పై ఏళ్ళ నుంచి పాడుతున్నాను, నాకు తెలుసు. రెండు నిమిషాలు మౌనం అంటే సరే, అయిదో నిమిషానికి దగ్గులు మొదలవుతాయి, పదో నిమిషానికి ఫోన్లు బయటకొస్తాయి. ఆరాధన పాటల ట్రాకులు నా దగ్గర పదిహేను ఉన్నాయి. మాది నకిరేకల్, ఎంత దూరం కనుక? శుక్రవారం బ్లూటూత్ స్పీకర్ పట్టుకుని నేనే వస్తాను.

ఒక డౌటు కూడా ఉంది. 24 రాత్రి పూజలో సత్ప్రసాదం తీసుకున్నాను, 25 పొద్దున ఇంకో ఊళ్ళో పాడడానికి పోయి అక్కడా తీసుకున్నాను. మా ఆవిడ తప్పు అంటోంది.

విశ్రాంత_ఉపదేశి | డిసెంబర్ 30, ఉదయం 5.20

హార్మోనియం గారూ, తప్పు లేదు. ఒకే రోజు రెండోసారి తీసుకోవాలన్నా, ఆ రెండో పూజలో పాల్గొని తీసుకుంటే చాలు. మధ్యలో వచ్చి వరసలో నిలబడడమే కుదరదు. మీరైతే పాడారు, ఇంకేం.

బాబూ పోరడా, ఆరుగురు అని చిన్నబుచ్చుకోకు. నేను నలభై ఏళ్ళు ఉపదేశిగా చేశాను, ఊళ్ళో ప్రార్థనలు నడిపించి విశ్వాసం నేర్పే పని. 1976లో హైదరాబాద్, వరంగల్ మేత్రాసనాల (బిషప్ గారి పరిధుల) నుంచి విడదీసి నల్లగొండ మేత్రాసనం ఏర్పాటు చేసినప్పుడు నాకు పాతికేళ్ళు కూడా లేవు. వచ్చే మే 31కి మేత్రాసనానికి యాభై నిండుతాయి. అప్పట్లో మా ఊళ్ళో గుడి అంటే తాటాకు పాక. ఫాదర్ గారు నెలకొకసారి మోటార్ సైకిల్ మీద వచ్చేవారు. వెనక రేకు పెట్టె కట్టి ఉండేది, అందులో పూజకు కావాల్సిన పాత్రలు, బట్టలు, అప్పాలు. పూజ కాగానే పెట్టె సర్దుకుని ఇంకో ఊరికి. మిగతా నెలంతా వాక్యం చదివి, జపమాల చెప్పించి నేను నెట్టుకొచ్చేవాణ్ణి. దివ్యసత్ప్రసాదం ఊళ్ళో ఉండేది కాదు.

తర్వాత పక్కా గుడి కట్టారు. సత్ప్రసాదం భద్రపరిచే పెట్టె, అదే మందసం, బిగించి, ఎర్రదీపం వెలిగించిన రోజు రాత్రి మా నాయన ఇంటికి రాలేదు. ఎక్కడున్నాడా అని లాంతరు పట్టుకుని పోయి చూస్తే గుడిలో కింద కూర్చున్నాడు. అన్నానికి రమ్మంటే "ఇన్నేళ్ళకు మన ఊళ్ళోనే నిద్రచేస్తున్నాడు రా" అన్నాడు. చుట్టం ఇంటికొస్తే మనిషి అనే మాట అది. ఆయన చదువుకోలేదు.

ఆయన చిన్నప్పుడు సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదట. నీళ్ళకు 1953లో పన్నెండో భక్తినాథ (పయస్) పోపుగారు సడలింపు ఇచ్చారు, 1957లో ఉపవాసాన్ని మూడు గంటలు చేశారు, 1964లో ఆరో పౌలు పోపుగారు గంటకు తగ్గించారు. నీళ్ళకు, మందులకు ఇప్పుడు అడ్డు లేదు, ముసలివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు ఆ గంట నియమం కూడా లేదు. అంత సులువు చేసినా వరసలో నిలబడే ముందు బబుల్‌గమ్ ఉమ్మేసేవాళ్ళను చూస్తున్నాను. సరే, అది వేరే కథ.

మల్లెచెట్టు | డిసెంబర్ 30, మధ్యాహ్నం 2.05

హార్మోనియం అన్నా, కోపం తెచ్చుకోవద్దు. నాకైతే ఆ గంటలో పాట వద్దనిపిస్తుంది. క్రిస్మస్ నెలంతా పాటలే కదా. డిసెంబర్ ఒకటి నుంచి ఇంటింటికీ పాటల బృందాలు, మైకులు, డప్పులు. చెవులకు కూడా పండుగ అయిపోవాలి.

నల్లగొండలో మా గుడిలో పీఠం బట్టలు ఉతికే పని నాది, పదకొండేళ్ళుగా. పూజ చివర ఫాదర్ గారు పాత్ర తుడిచే చిన్న తెల్లబట్టలుంటాయి చూడండి, వాటిని నేరుగా సబ్బులో వేయకూడదు. ముందు మంచినీళ్ళలో నానబెట్టాలి. ఆ మొదటి నీళ్ళు మోరీలో పారబోయకూడదు, కంటికి కనపడని రవ్వంత సత్ప్రసాదం అందులో ఉండొచ్చు కాబట్టి మట్టిలో పోయాలి. నాకు ఈ పని అప్పగించిన సిస్టరమ్మ నేర్పింది ఇది. గుడి వెనక మల్లెచెట్టు మొదట్లో పోస్తాను. తర్వాతే సబ్బు, గంజి, ఇస్త్రీ. ఇస్త్రీ కూడా మడత లోపలికి వచ్చేటట్టు.

ఈ క్రిస్మస్‌కు అలాంటివి నలభైకి పైగా వచ్చాయి. 26న ఒక్కదాన్నే కూర్చుని నీళ్ళలో ఒక్కోటి ముంచి తీస్తున్నా. గుడిలో ఎవరూ లేరు. చెప్పడం రాదు కానీ, 24 రాత్రి అంత జనంలో, అంత పాటలో దొరకనిది ఆ బకెట్ దగ్గర దొరికింది. అందుకే అంటున్నా, ఆ గంటను కాస్త ఖాళీగా ఉంచు తమ్ముడూ. నింపాలని చూడకు.

హార్మోనియం_పెట్టె | డిసెంబర్ 30, మధ్యాహ్నం 2.40

కోపమేం లేదు చెల్లెమ్మా. నీకు పదకొండేళ్ళ అలవాటు ఉంది, కూర్చోగలవు. కొత్తగా వచ్చే పిల్లల సంగతి? వాళ్ళకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

సున్నా_బ్యాలెన్స్ | డిసెంబర్ 30, మధ్యాహ్నం 3.10

పిల్లల గురించి మీరే మాట్లాడుకుంటున్నారు, పిల్లోణ్ణి నేనున్నా. ఇంటర్ సెకండియర్. నేను ఆరాధనకు పోయిందే కార్లో అకుటిస్ అనే ఇటలీ కుర్రాడి వల్ల. 2006లో చనిపోయాడు, అప్పటికి పదిహేనేళ్ళు, లుకేమియా. దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ చేశాడు. ఈ సెప్టెంబర్ 7న లియో పోపుగారు పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. జీన్స్ వేసుకుని, ప్లేస్టేషన్ ఆడి, రోజూ పూజకు పోయినవాడు.

కానీ నిజం చెప్పాలంటే నాకు అక్కడ పది నిమిషాల తర్వాత బోర్ కొడుతుంది. పాట ఉన్నా కొడుతుంది.

విశ్రాంత_ఉపదేశి | డిసెంబర్ 30, సాయంత్రం 4.30

పది నిమిషాలు ఉన్నావు కదా మనవడా. మొదటి శుక్రవారాల భక్తి మొదలైంది పునీత మార్గరెట్ మేరీ అలకోక్ వల్ల. 1670లలో ఫ్రాన్సులో మఠంలో ఉండే సిస్టరమ్మ. గురువారం రాత్రి గంటసేపు, పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో ప్రార్థించిన ప్రభువుకు తోడున్నట్టు ఉండమన్నది ఆమెకు అందిన కోరిక. ఆ తోటలో శిష్యులు ముగ్గురూ గంటసేపైనా మేలుకోలేకపోయారు. నీకన్నా పెద్దవాళ్ళు.

దేవరకొండ_కోడలు | డిసెంబర్ 30, రాత్రి 10.55

నేను కొత్త సభ్యురాలిని. అడగొచ్చో లేదో తెలియదు, తప్పైతే క్షమించండి.

మా పుట్టిల్లు మెన్నోనైట్ బ్రదరన్ సంఘం. దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు మా సంఘాలు ఎక్కువే. మాకు ప్రభువు బల్ల నెలకోసారి. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటాం. పెళ్ళయ్యాక కతోలిక ఇంటికి వచ్చాను. మా అత్తమ్మ గుడికి పోతే ముందు ఆ మందసం పెట్టె దిక్కు చూసి మోకరిస్తుంది. ఆరాధనలో ఫాదర్ గారు భుజాల మీద శాలువా కప్పుకుని, చేతులు కూడా దాంతో కప్పి, ఆ బంగారు కిరణాల పాత్ర ఎత్తి సిలువ గుర్తు వేస్తారు. మొదట్లో నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. అప్పానికి మొక్కడమేంటి అని. ఇప్పుడు ఇబ్బంది పోయింది గానీ అర్థం మాత్రం కాలేదు. అత్తమ్మను అడిగితే "ఆయనే" అంటుంది. అంతకుమించి చెప్పదు.

విశ్రాంత_ఉపదేశి | డిసెంబర్ 31, ఉదయం 5.35

అమ్మా, తప్పేం లేదు. మీ అత్తమ్మ ఒక్క మాటలో చెప్పింది, నేను పది మాటల్లో చెబుతాను, తేడా అంతే.

పూజలో గురువు, అంటే ఫాదర్ గారు, ప్రభువు మాటలు పలికాక అప్పం రూపు, రుచి, రంగు అలాగే ఉంటాయి. ఉన్నది మాత్రం క్రీస్తు. గుర్తుగా కాదు, జ్ఞాపకంగా మాత్రమే కాదు, ఆయనే. ఇదీ మా విశ్వాసం. అందుకే మిగిలిన సత్ప్రసాదాన్ని మందసంలో భద్రపరుస్తాం. మొదట్లో అది మంచం పట్టినవాళ్ళకు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు తీసుకుపోవడానికే. అక్కడ ఆయన ఉన్నాడన్న ఎరుక నుంచి ఆరాధన పెరిగింది. అందుకే పక్కన దీపం ఆరకూడదు. నూనెతోనో మైనంతోనో వెలగడం పాత పద్ధతి. ఇప్పుడు కొన్ని చోట్ల ఎర్ర బల్బు పెడుతున్నారు, నాకు నచ్చదు.

శాలువా సంగతి. ఆ దీవెన గురువుది కాదు, పాత్రలో ఉన్నవాడిది. అందుకే గురువు తన చేతులు కనపడకుండా కప్పుకుంటాడు. అనుమతి ఉన్న ఉపదేశులు, సత్ప్రసాదం పంచే గురువులు కాని సేవకులు అవసరమైతే పాత్రను పీఠం మీద ఉంచొచ్చు, తిరిగి లోపల పెట్టొచ్చు, ఆ దీవెన మాత్రం ఇవ్వరు.

ఇంకొకటి. నువ్వు క్రిస్మస్ పాక, బాలయేసు బొమ్మ పెట్టే గడ్డి గుడిసె, చూసి ఉంటావు కదా. బేత్లెహేము అంటే హెబ్రీలో రొట్టెల ఇల్లు. బిడ్డను పడుకోబెట్టింది ఎక్కడ? గాడిలో. పశువులు మేత తినే చోట. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్ళో పునీత ఫ్రాన్సిస్ మొదటిసారి అలాంటి పాక పెట్టించినప్పుడు గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించాడు, ఆ గాడి మీదే పూజ జరిపించాడు. తను డీకన్ (గురువుకు కింది మెట్టు) కాబట్టి సువార్త పాడాడు. వచ్చే అక్టోబర్‌కు ఆయన చనిపోయి 800 ఏళ్ళు. గాడిలో ఉన్నది, పీఠం మీద ఉన్నది ఒక్కరే అని ఆయన చెప్పకుండా చూపించాడు. మనం పాకకు సీరియల్ బల్బులు చుట్టి సెల్ఫీ దిగి ఆగిపోతున్నాం.

దేవరకొండ_కోడలు | డిసెంబర్ 31, ఉదయం 8.20

గాడి మాట బాగా పట్టుకుంది తాతా. మా పుట్టింట్లో ఇప్పటికీ రెండు బర్రెలున్నాయి. అత్తమ్మకు చదివి వినిపించాను. "నేను చెప్పింది అదే కదా" అంది.

పాలమూరు_వలసజీవి | డిసెంబర్ 31, రాత్రి 11.30

కొత్త సంవత్సరం పూజకు పోయే ముందు రాస్తున్నా. మాది నారాయణపేట దిక్కు, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. పాటలు, మౌనం, శాలువా, అన్నీ చదివాను. ఒక్కరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. సాయంత్రం ఏడు గంటలు అని ఎవరు పెట్టారు?

తమ్మీ, మీది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. ఇప్పుడు యాసంగి నాట్లు. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కిన ఆడవాళ్ళు దిగేసరికి సాయంత్రం అయిదున్నర, ఆరు. నీళ్ళు కాచుకోవాలి, పొయ్యి మీద కుండ పెట్టాలి, పిల్లలకు పెట్టాలి. ఏడింటికి పొయ్యి ముందు ఉంటారు. ఏడింటికి ఖాళీగా ఉండేది ఎవరు? టీచర్లు, ఆఫీసువాళ్ళు, సిస్టర్లు. 24 రాత్రి షామియానా కింద కూర్చున్నది ఎవరు? ఈ నాట్ల ఆడవాళ్ళే. వాళ్ళకు భక్తి లేక కాదు. క్రిస్మస్‌కు పని బంద్ పెట్టుకుంటారు కాబట్టి వస్తారు. మొదటి శుక్రవారానికి కూలి ఎవరిస్తారు?

ఇంకో సంగతి. ఇక్కడ సిటీలో నేనుండే అడ్డాకు దగ్గర్లో ఒక గుడిలో రోజూ ఆరాధన గది తెరిచి ఉంటుంది. పని దిగి అలాగే పోయేవాణ్ణి, ప్యాంటుకు సిమెంట్ ఉంటుంది కదా. ఒకరోజు ఎవరో పెద్దమనిషి వచ్చి, మెల్లగానే, "బట్టలు మార్చుకుని వస్తే బాగుంటుంది" అన్నాడు. మంచిగానే చెప్పాడు. నాలుగు నెలలు మళ్ళీ పోలేదు. గదికి పోయి స్నానం చేస్తే తిరిగి వచ్చే ఓపిక ఉండదు. ఇప్పుడు పోతున్నా, వెనక వరసలో కూర్చుంటా.

నిర్వాహకుడు | జనవరి 1, ఉదయం 9.00

అందరికీ దేవమాత పండుగ, నూతన సంవత్సర శుభాకాంక్షలు. పై పోస్టు కింద ఆ గుడి ఏది, ఆ మనిషి ఎవరు అని అడిగిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. అది ఇక్కడ పనికిరాదు.

పెద్దకాలువ_పోరడు | జనవరి 1, మధ్యాహ్నం 12.15

పాలమూరు అన్నా, నీ పోస్టు రాత్రి మూడుసార్లు చదివాను. మా అమ్మ కూడా నాట్లకే పోతుంది. నాకే తట్టలేదు చూడు.

పొద్దున పూజ కాగానే ఫాదర్ గారికి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఏడింటికి అందరూ ఒకేసారి కూర్చోవాలని ఏముంది, ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంచుదాం, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి ఉన్నంతసేపు ఉంటారు, ప్రభువును ఒంటరిగా వదలకుండా ఇద్దరు మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఆ వంతులు నువ్వు రాసుకో అన్నారు. చివర తొమ్మిదింటికి దీవెన. వంతులు రాస్తున్నా. ఏడు నుంచి ఏడున్నర ఖాళీగా ఉంది.

హార్మోనియం_పెట్టె | జనవరి 1, మధ్యాహ్నం 12.31

అది నాకు రాయి. స్పీకర్‌తో.

పెద్దకాలువ_పోరడు | జనవరి 3, ఉదయం 7.10

నిన్నటి సంగతి చెబుతా.

ఆరింటికి మొదలుపెట్టేటప్పుడు అయిదుగురం. ఆరుంబావుకు గేటు ముందు ఆటో ఆగింది. నాట్ల ముఠా, అటునుంచి అటే వచ్చారు. మా అమ్మ ఆటోలో అందరికీ చెప్పిందట, నాకు చెప్పలేదు. చీరలు మోకాళ్ళ దాకా తడి. గేటు దగ్గరే నిలబడి "గిట్లనే రావచ్చా బిడ్డా" అని ఒకామె అడిగింది. నాకు సిమెంట్ ప్యాంటు గుర్తొచ్చింది. ఫాదర్ గారు బయటికొచ్చి బోరు దగ్గర నల్లా తిప్పి, "కాళ్ళు కడుక్కుని రండి, చెప్పులు ఎలాగూ బయటే కదా" అన్నారు. కడుక్కున్నా మడమల పగుళ్ళలో బురద పోలేదు. నున్నటి బండల మీద పీఠం దాకా తడి అడుగులు పడ్డాయి. పది నిమిషాలు కూర్చున్నారు. ఇద్దరు చేతులు జోడించి ఏదో గొణుక్కున్నారు, ఒకామె బహుశా కొడుకు గురించి. మిగతావాళ్ళు ఊరికే చూస్తూ ఉన్నారు. తర్వాత లేచి వంటకు వెళ్ళిపోయారు. ఎనిమిదిన్నరకు వాళ్ళలో ముగ్గురు పిల్లల్ని తీసుకుని మళ్ళీ వచ్చారు.

మొత్తం మీద ముప్పై దాటారు, విడతలు విడతలుగా. ఒకేసారి మాత్రం పన్నెండు మందికి మించి లేరు. ఒక ముసలమ్మ స్తంభానికి ఆనుకుని నిద్రపోయింది, గురక కూడా. లేపబోతే ఫాదర్ గారు వద్దన్నారు.

హార్మోనియం అన్న సంగతి ఆయనే చెప్పాలి.

హార్మోనియం_పెట్టె | జనవరి 3, ఉదయం 7.45

చెబుతా, దాచేదేముంది. ఏడుంబావుకు రెండో పాట మధ్యలో స్పీకర్‌లోంచి ఆడగొంతు "బ్యాటరీ లో" అని అరిచింది. గుడంతా వినపడింది. మూడుసార్లు అరిచి చచ్చింది. పిల్లలు నవ్వారు. నేను స్పీకర్ చంకలో పెట్టుకుని అలాగే కూర్చున్నా, లేస్తే ఇంకా నవ్వుతారని.

తర్వాత పావుగంట ఎవరూ ఏమీ పాడలేదు. దగ్గులు వచ్చాయి, నేను చెప్పినట్టే. అయితే కాసేపటికి ఆగాయి. అది నేను అనుకోలేదు. మల్లెచెట్టు చెల్లెమ్మా, ఇది ఒప్పుకోవడం కాదు, జరిగింది చెబుతున్నానంతే.

సున్నా_బ్యాలెన్స్ | జనవరి 3, ఉదయం 8.02

"బ్యాటరీ లో" నా రింగ్‌టోన్‌గా పెట్టుకుంటా 😂

మా గుడిలో నేను పద్నాలుగు నిమిషాలు ఉన్నా. రికార్డు.

పాలమూరు_వలసజీవి | జనవరి 3, రాత్రి 9.20

బోరు దగ్గర నల్లా ఫాదర్ గారే తిప్పారా?

పెద్దకాలువ_పోరడు | జనవరి 3, రాత్రి 9.24

ఆయనే అన్నా.

మల్లెచెట్టు | జనవరి 11, రాత్రి 8.30

ఇవాళ క్రీస్తు జ్ఞానస్నాన పండుగతో క్రిస్మస్ కాలం అయిపోయింది. సాయంత్రం పాక విప్పాం. సంక్రాంతి సెలవులకు పిల్లలందరూ ఊళ్ళకు పోయారు, విప్పడానికి నేనూ, ఇంకో ఇద్దరు. కట్టేటప్పుడు ఇరవై మంది ఉంటారు. బాలయేసు కుడిచేతి చిటికెన వేలు విరిగి ఉంది, ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు. ముక్క గడ్డిలో దొరికింది, అంటించి పాత చీర ముక్కలో చుట్టి ట్రంకులో పెట్టాను.

మీ దగ్గర పాక గడ్డి ఏం చేస్తారు? ఇక్కడ కాల్చేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు.

దేవరకొండ_కోడలు | జనవరి 11, రాత్రి 8.50

మాది మా అత్తమ్మ అడిగి తెచ్చుకుంది అక్కా. రెండు మోపులు. మా పుట్టింటికి పంపింది, బర్రెలకు. "గాడిలోది గాడికే పోనీ" అంది. మా నాయన ఫోన్ చేసి, ఏంటమ్మా మీ అత్తగారు గడ్డి పంపింది అని ఒకటే నవ్వు.

పెద్దకాలువ_పోరడు | జనవరి 11, రాత్రి 9.15

మాది ఇంకా విప్పలేదు, రేపు విప్పుతాం. గడ్డికి ముఠాలో ఒకామె ముందే చెప్పిపెట్టింది, దూడ ఉందట.

ఫిబ్రవరి 2 ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగ, కొవ్వొత్తులు దీవిస్తారు. ఆ మిగిలినవే 6వ తేదీ మొదటి శుక్రవారానికి వాడదాం అన్నారు ఫాదర్ గారు. అప్పటికి మా దిక్కు నాట్లు అయిపోతాయి, కలుపు మొదలవుతుంది. వాళ్ళను అడిగి టైం పెడతా. హార్మోనియం అన్నా, వస్తావా?

హార్మోనియం_పెట్టె | జనవరి 11, రాత్రి 9.18

వస్తా. స్పీకర్ చార్జింగ్ పెట్టుకునే వస్తా. ఆన్ చేయాలో వద్దో అక్కడ చూద్దాం.